హిందీలో 'నేను'

మొన్నామధ్య అమలాపురం బస్టాండులో రాజోలు బస్సు కోసం నిలబడి ఉండగా, నెత్తిన జుట్టు సగానికి పైగా పోయిన పెద్దమనిషి ఒకాయన మోటారు సైకిలు స్టాండు వేసి గబగబా నా దగ్గరికి వచ్చాడు. "నమస్కారమండీ మాస్టారూ, గుర్తుపట్టేరా?" అన్నాడు. పట్టలేదు. జీవితమంతా పిల్లల మధ్య గడిపినవాడికి ఎవరు ఏ బ్యాచో ఏం గుర్తుంటుంది? అయినా పట్టినట్టే తల ఊపాను. మాస్టార్లందరూ చేసే పనే అది. ఆయన సంతోషపడిపోయి, బండి దిగి చీర సర్దుకుంటున్న భార్యను కేకేసి, "ఇలా రావే, ఈయనెవరనుకున్నావు? నేను చెప్తూంటానే, మా మే..." అని అక్కడికి ఆగి నాలుక కరుచుకున్నాడు. ఆ వెంటనే "మా హిందీ మాస్టారు" అని పూర్తి చేశాడు. ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వు మింగుతూ నమస్కారం పెట్టింది. అంటే ఆ మాట వాళ్ళింట్లో ఇంకా వాడుకలో ఉందన్నమాట.

నేను వినపడనట్టు ఊరుకున్నాను. ఈ వయసులో వినపడదంటే ఎవరికీ అనుమానం రాదు, అదొక సౌకర్యం. కానీ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కూడా రెండు చెవులూ వేడిగానే ఉన్నాయి. బస్సు కాలువ గట్టెక్కి కొబ్బరి తోటల మధ్యకి వచ్చేసరికి నేను డెబ్భయ్యో దశకం చివరి రోజుల్లోకి, మా అమ్మాయి ఆరో తరగతిలో చేరిన ఏడాదిలోకి వెళ్ళిపోయాను.

ఆ సగం మాట ఏమిటో చెప్పేస్తాను. నన్ను బడిలో 'మేక మాస్టారు' అనేవారు. పెద్ద తరగతుల వాళ్ళు ఇంకా కుదించి 'మే మాస్టారు' అనేవారు. నాకు గడ్డం ఉండేదనుకునేరు, లేదు. కారణం హిందీ భాష. హిందీలో 'నేను' అనడానికి 'మైఁ' అనాలి. 'లో' అనడానికి 'మేఁ' అనాలి. రెండూ ముక్కులోంచి రావాలి. నాకు హిందీ నేర్పిన గురువుగారు ఉత్తరాది మనిషి, ముక్కు పలుకు దగ్గర రాజీ పడేవారు కారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ గురుభక్తితోనే, ఆరో తరగతి పిల్లల ముందు నిలబడి "మైఁ... మైఁ..." అని సాగదీసి పలికాను. వెనక బెంచీలోంచి ఎవడో నాకన్నా బాగా సాగదీశాడు. క్లాసంతా మేకల దొడ్డి అయిపోయింది. ఆ ఒక్క పూటతో నా పేరు ఖాయమైపోయింది. ఆ తరవాత ఏటేటా పిల్లలు మారారు గాని పేరు మారలేదు. అన్నలు తమ్ముళ్ళకి పాత పుస్తకాలతో పాటు దాన్నీ అప్పగించి వెళ్ళేవారు.

నేను పిల్లల్ని అదుపు చెయ్యలేకపోయేవాణ్ణి. ఇది వినయం కొద్దీ అంటున్న మాట కాదు. నా గొంతు సన్నం, మనిషి పీల. కోపం రాగానే ముందు నా కళ్ళలోనే నీళ్ళు తిరుగుతాయి. ఒకసారి బెత్తం పట్టుకెళ్ళాను గాని, కొట్టబోతే ఆ కుర్రాడు "మెల్లిగా కొట్టండి సార్, బెత్తం విరిగిపోద్ది" అన్నాడు. పైగా హిందీకి పాసు మార్కులు తక్కువ. లెక్కల మాస్టారంటే ఉండే భయం హిందీ మాస్టారంటే ఎందుకుంటుంది? మా పాత హెడ్మాస్టరు గారు నా పీరియడు అవుతూండగా వరండాలోంచి వెళ్తూ, "ఏం మాస్టారూ, మంద ఇంటికొచ్చినట్టుందే" అనేవారు. నేను కూడా నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఆయన చిన్నబుచ్చుకుంటారని.

ఇదంతా బడిలో సంగతి. మా పేటలో నా సంగతి వేరు. మా నాన్న మలికిపురంలో కొబ్బరి షావుకార్ల దగ్గర కాయలు ఒలిచేవాడు. చేతుల మీద చర్మం చెట్టు బెరడులా ఉండేది. ఆయన కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని, గవర్నమెంటు బడికి పాఠం చెప్పడానికి వెళ్తుంటే పేట పేటంతా అరుగుల మీంచి లేచి నిలబడేది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది నేనే. అక్కడ నా సన్నగొంతు ఎవరికీ సన్నగా వినపడేది కాదు. ఎవరింట్లో తగువొచ్చినా, "మాస్టారు గారండీ, మీరు చెప్పండి" అని నా దగ్గరికే వచ్చేవారు.

ఇక ఇంట్లో నేను సింహాన్ని. మా అమ్మాయికి ఊహ తెలిసినప్పటినుంచీ అన్నాల దగ్గర నా ప్రతాపం చెప్పేవాణ్ణి. "నేను గుమ్మంలో అడుగు పెడితే చాలు, చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది" అనేవాణ్ణి. అది అన్నం చేతిలో పట్టుకునే నోరు తెరుచుకుని వినేది. తరవాత పెరట్లో కొబ్బరి చిప్పల్ని వరసగా పేర్చి, చేతులు వెనక్కి కట్టుకుని, "చుప్!" అని అరిచేది. చిప్పలు నిజంగానే చప్పుడు చెయ్యకుండా కూర్చునేవి. వరండాలోంచి అది చూస్తూ నేను కాఫీ తాగేవాణ్ణి. మొదట్లో ముచ్చటగా ఉండేది. అది నాలుగు, అయిదు తరగతుల్లోకి వచ్చేసరికి ఆ 'చుప్' వినపడితే కాఫీ గొంతులో అడ్డం పడేది. ఎందుకంటే మా ఊళ్ళో అయిదు దాటితే ఉన్నది ఒకటే హైస్కూలు, నాదే. ఆరో తరగతిలోనే హిందీ మొదలు. ఆ హిందీ చెప్పేది నేనొక్కణ్ణే.

పిల్లలు హైస్కూలుకి వెళ్తున్నారంటే తల్లిదండ్రులకు గర్వంగా ఉంటుందంటారు. కొత్త బట్టలు, కొత్త పుస్తకాలు, ఇంకు పెన్ను కొంటారు. నేనూ కొన్నాను. కానీ ఆ వేసవంతా నాకు ఒక్కటే బెంగ, దీన్ని ఇంకెక్కడికైనా పంపించెయ్యాలి. మా అక్కయ్య అమలాపురంలో ఉండేది. ఒక మధ్యాహ్నం మా ఆవిడ బియ్యం చెరుగుతుంటే పక్కన చేరి, "అమలాపురంలో ఆడపిల్లలకి వేరే హైస్కూలు ఉంది కదా, అక్కయ్యగారింట్లో ఉండి చదువుకుంటుంది. అక్కడ క్రమశిక్షణ బావుంటుందట" అన్నాను.

ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఎప్పుడూ గొంతెత్తేది కాదు. పిల్లలు అల్లరి చేస్తే పాఠం ఆపేసి, చేతులు కట్టుకుని, వాళ్ళు అలిసిపోయేదాకా చూస్తూ నిలబడేది. అంతే, సద్దుమణిగిపోయేవారు. ఆవిడ దగ్గర బొమ్మల్లా కూర్చున్నవాళ్ళే, అయిదు పాసై నా దగ్గరికి వచ్చి మేకలయ్యేవారు.

"ఏం, ఇక్కడ క్రమశిక్షణ లేదాండీ?" అంది చేట ఆపకుండా.

"ఉందనుకో..."

"మీ క్లాసులో చీమ చిటుక్కుమనదు కదండీ మరి."

వెక్కిరింపో మామూలు మాటో తెలియలేదు. మొహం చూద్దామంటే ఆవిడ తల వంచుకుని మట్టిగడ్డలు ఏరుకుంటోంది. కాసేపటికి చేట కింద పెట్టి, "దానికి తెలియకుండా ఎన్నాళ్ళు దాస్తారండీ?" అంది, పక్కింటివాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా. ఎప్పటినుంచి తెలుసని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఇన్నేళ్ళూ అన్నాల దగ్గర నా ప్రతాపాలు వింటూ కిమ్మనకుండా పులుసు వడ్డించిన మనిషి. ఆ మధ్యాహ్నం నాకు ఆవిడ మొహం చూడటానికి సిగ్గేసి, గొడుగు తీసుకుని పనేమీ లేకుండా కాలువ దాకా వెళ్ళొచ్చాను.

జూన్‌లో బడి తెరిచిన రోజు పొద్దున్నే వాన పడి ఆగింది. నీలం పరికిణీ, తెల్ల జాకెట్టు, రెండు జడలు, నెత్తిన నిండుగా కొబ్బరినూనె. మా అమ్మాయి నా గొడుగు పక్కన గెంతుకుంటూ బయలుదేరింది. కొత్త హవాయి చెప్పులు బురదని దాని పరికిణీ వెనక చుక్కలు చుక్కలుగా చిమ్ముతున్నాయి. బడి కనపడేముందు కాలువ మలుపులో దాన్ని ఆపాను.

"చూడమ్మా, బళ్ళో నన్ను నాన్నగారూ అని పిలవకూడదు. సార్ అనాలి."

"ఆయ్."

"కొత్తవాళ్ళెవరైనా ఎవరమ్మాయివని అడిగితే అమ్మ పేరు చెప్పు. టీచరు గారమ్మాయినని చెప్పు."

"ఎందుకండీ?"

"మాస్టారి కూతురు కాబట్టి మార్కులు ఎక్కువ వేశారంటారు. అంతా నీ మంచికే."

ఊరందరికీ తెలిసిన సంగతిని ఇలా దాచమనడం ఎంత తెలివితక్కువో నాకు తెలియక కాదు. అదేదో పెద్ద బాధ్యత అప్పగించినట్టు అది మొహం గంభీరంగా పెట్టుకుని తల ఊపింది. సరిగ్గా అప్పుడే మా వెనకనుంచి సైకిళ్ళ మీద పదో తరగతి కుర్రాళ్ళు దాటిపోయారు. దాటి కొంత దూరం వెళ్ళాక, కొబ్బరి చెట్ల అవతలనుంచి, "మే... ఏ... ఏ..." అని వినపడింది.

మా అమ్మాయి టక్కున ఆగింది. గట్టు దిగువకి తొంగి చూసింది. చెట్ల మొదళ్ళ దగ్గర చూసింది. "సార్, పాపం మేకపిల్ల ఏదో తప్పిపోయినట్టుందండీ" అంది.

"ఉంటుందిలే, నడు" అన్నాను. అది వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే నడిచింది.

ప్రతి ఏడూ జూన్‌లో కొత్త ఆరో తరగతితో నాకు ఒక వారం పండగ. పిల్లలు బెదురుగా ఉంటారు, బెంచీల మీద కూర్చోవడమే వాళ్ళకి కొత్త. అ, ఆలు గడిచేదాకా ఇబ్బంది ఉండదు. 'మైఁ' దగ్గరికి వచ్చాకే కథ మొదలవుతుంది. ఆ ఏడాది నేనొక ఉపాయం పన్నాను. 'మైఁ'ని, దానితో పాటు 'మేఁ'ని కూడా వెనక్కి నెట్టేశాను. నువ్వు, మీరు, అతడు, ఆమె, మేము, వాళ్ళు అన్నీ చెప్పాను. నువ్వు వెళ్తావు, వాళ్ళు వస్తారు, ఆమె వండుతుంది. ఇలా వాక్యాలు రాయించాను. పాఠ్యపుస్తకంలో 'నేను' ఉన్న పాఠం వచ్చినప్పుడల్లా "ఇది తరవాత చూద్దాం" అని పేజీ తిప్పించేవాణ్ణి. లోకంలో 'నేను' అన్న మాట లేకుండా హిందీ చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. జూన్ గడిచింది, జూలై గడిచింది. ముందు బెంచీలో మా అమ్మాయి వీపు నిటారుగా పెట్టి కూర్చుని, నా నోట్లోంచి వచ్చే ప్రతి మాటా రాసుకునేది. వెనక బెంచీల్లో మాత్రం ఒక చిన్న గుసగుస ఎప్పుడూ ఉండేది. అన్నలు చెప్పి పంపారు కదా. వాళ్ళు ఆ మాట కోసం కాచుకుని ఉన్నారు.

ఇంట్లో బడి కబుర్లు చెప్పేది. సైన్సు మాస్టారి మీసాల గురించి, డ్రిల్లు గురించి చెప్పేది. హిందీ గురించి ఏమీ చెప్పేది కాదు. నేనూ అన్నాల దగ్గర ప్రతాపాలు మానేశాను. ఒక ఆదివారం చర్చినుంచి వస్తుంటే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తూ అడిగింది. "అమ్మా, తీర్పు రోజున గొర్రెలు కుడిపక్కనా, మేకలు ఎడమపక్కనా నిలబడాలని చెప్పేరు కదా. మేకలు ఏం తప్పు చేసేయమ్మా?" వాళ్ళమ్మ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడుతోందని మెడ చూస్తే తెలిసింది.

ఆ వారంలోనే నాకు అసలు సంగతి తెలిసిపోయింది. ఇంటర్‌వెల్లో పుల్ల ఐసు అమ్మే బండి గేటు దగ్గరికి వచ్చేది. నేను స్టాఫు రూములోంచి వరండా చివరికి వచ్చేసరికి, ఐసు బండి చుట్టూ ఉన్న పిల్లల్లోంచి ఒకడు, "తప్పుకోండ్రా, మేకపిల్ల వచ్చింది, దారియ్యండి" అని అరిచాడు. అందరూ నవ్వుతూ చీలిపోయి దారిచ్చారు. ఆ దారిలోంచి మా అమ్మాయి నడిచి వెళ్ళింది. ఉక్రోషపడలేదు, ఏడవలేదు. అలవాటైన పిలుపుకి పలికినట్టు, "ఎర్రది ఇవ్వండి" అని ఐసు అడిగి తీసుకుని, చప్పరిస్తూ వెనక్కి తిరిగింది. తిరిగితే నేను కనపడతాను. నేను గబుక్కున స్తంభం చాటుకి జరిగాను.

అక్కడ, ఆ స్తంభం వెనక, సున్నం చొక్కాకి అంటుకుంటుండగా నిలబడ్డ ఆ కాసేపు నాకు ఈనాటికీ తలుచుకోవడానికి బాగుండదు. మా నాన్న తన చేతుల మీది బెరడు నాకు రాకూడదని నన్ను చదివించాడు. ఆయన దగ్గరనుంచి నాకు ఏ చెడ్డపేరూ రాలేదు. నేను నా కూతురికి ఇచ్చిన మొదటి ఆస్తి ఇది. అది దాన్ని ఎన్నాళ్ళుగా మోస్తోందో తెలియదు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. నాకు తెలిస్తే బాధపడతానని ఆ పదకొండేళ్ళ పిల్ల నన్ను కాపాడుతోంది. నేనేమో స్తంభం చాటున ఉన్నాను.

ఆ సాయంత్రం దాన్ని పిలిచి, "అమలాపురంలో అత్తయ్య దగ్గర ఉండి చదువుకుంటావా? సెలవులివ్వగానే వచ్చి తీసుకొస్తాను" అన్నాను.

"ఎందుకండీ? నాకిక్కడ బానే ఉంది" అంది.

"ఎవరైనా ఏమైనా అంటున్నారా బళ్ళో?"

"లేదండీ" అంది. అబద్ధం చెప్పడం దానికి చేతకాదు. చెప్తే కుడి చెవి తమ్మె లాక్కుంటుంది. అప్పుడూ లాక్కుంది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆ సెప్టెంబరులోనే పాత హెడ్మాస్టరు గారు బదిలీ అయి కొత్తాయన వచ్చారు. ఆయన చేరి వారం కూడా కాలేదు. ఇంకా మాస్టార్లతోనే ముఖపరిచయం పూర్తి కాలేదు, ఎవరి పిల్లలెవరో ఆయనకేం తెలుస్తుంది. భోజనాల తరవాత ఆరో తరగతికి నా పీరియడు. తెలిసిన పాఠాలే మళ్ళీ చదివిస్తున్నాను. ముందు బెంచీలో మా అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, ఒక మాట అడగొచ్చాండీ?"

"అడుగు."

"హిందీలో 'నేను' అనాలంటే ఏమనాలండీ?"

గదిలో ఎక్కడి చప్పుడు అక్కడ ఆగిపోయింది. నా ఉద్యోగంలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. అది భయం వల్ల వచ్చింది కాదు. సినిమా హాల్లో దీపాలు ఆర్పినప్పుడు వస్తుందే, అలాంటిది. నేను బోర్డు వైపు తిరిగి ఆ మాట రాశాను. ఒకసారి రాసింది చాలక, దాని మీదే సుద్దతో మళ్ళీ దిద్దాను. ఎంతసేపని దిద్దను?

"ఎలా పలకాలి సార్?" అని వెనక బెంచీలోంచి మర్యాదగా అడిగాడు ఒకడు. వాడు ఆరో తరగతి రెండోసారి చదువుతున్న పొడుగుపాటి కుర్రాడు. చెట్లెక్కి కాయలు దింపేవారి అబ్బాయి. మేక అరుపులో వాడికి వాడే సాటి. నేను సుద్దముక్కని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను. వాళ్ళందరి మొహాల మీదా రాబోయే నవ్వు సిద్ధంగా ఉంది.

"మైఁ" అంది మా అమ్మాయి. ఇంకా నిలబడే ఉంది. నేను పొద్దున్న పూట ఇంట్లో చదువుకుంటుంటే విని పట్టుకున్నట్టుంది, ముక్కు పలుకు ఎంత శుభ్రంగా వచ్చిందో.

ఇంక చెప్పాలా? పెద్ద మేకలు, పిల్ల మేకలు, దూరంనుంచి పిలిచే మేకలు, బదులు పలికే మేకలు. బెంచీలు కూడా అరిచాయేమో అనిపించింది. అది కదల్లేదు. చేతులు కట్టుకుని, అచ్చం వాళ్ళమ్మలాగ, చూస్తూ నిలబడింది. అరుపులు పలచబడ్డాక, "మైఁ లడ్కీ హూఁ" అంది. నేను ఆడపిల్లని అని. మళ్ళీ మేకలు. ఈసారి కొంచెం తక్కువ. అది మళ్ళీ అదే వాక్యం చదివింది. అరిచేవాళ్ళకి ఆయాసం వస్తోంది. నేను బోర్డు పక్కన సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నాను, క్లాసు దానిదీ, నేనేదో చూడ్డానికొచ్చినవాణ్ణీ అయినట్టు.

అప్పుడే గుమ్మంలో కొత్త హెడ్మాస్టరు గారు కనపడ్డారు. "ఏమిటండీ మాస్టారూ ఇది, ఆఫీసు గదిలోకి వినపడుతోంది" అన్నారు. క్లాసంతా దిగ్గున లేచి నిలబడింది. అప్పటికే నిలబడి ఉన్న పిల్ల మీద ఆయన కళ్ళు ఆగాయి.

"నువ్వెందుకమ్మా నిలబడ్డావు? అల్లరి చేసేవా?"

"లేదండీ, పాఠం చదువుతున్నానండి."

"ఎవరమ్మాయివి నువ్వు?"

అది నా వైపు చూసింది. ఆ చూపులో జాలి లేదు, నిష్ఠూరం లేదు. నేర్పిన పాఠం అప్పజెప్పే ముందు పిల్లలు మాస్టారి వైపు ఒకసారి చూస్తారు, అంతే. నేను చెప్పడానికి వ్యవధి ఉంది. ఒక్క మాట. నోరు విప్పితే సరిపోయేది. ఆ క్షణంలో కూడా, ఇంత గోల జరిగిన క్లాసులో, కొత్త హెడ్మాస్టరు ముందు, ఈ పిల్ల నా కూతురని ఒప్పుకుంటే నా పరువు ఏమవుతుందా అని లెక్క చూసుకున్నాను. ఇది దానిమీద సిగ్గు కాదు, నా మీద నాకు సిగ్గు. కానీ చూసేవాళ్ళకి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

"ఎలిమెంటరీ స్కూలు టీచరు గారమ్మాయినండి" అంది మా అమ్మాయి, స్పష్టంగా, నేను కాలువ మలుపులో చెప్పినట్టే.

ఎవరూ నవ్వలేదు. ఇంతసేపూ గొంతు చించుకున్నవాళ్ళలో ఒక్కడు కూడా నవ్వలేదు. పిల్లలందరూ దాని వైపు, తరవాత నా వైపు చూశారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఆ పొడుగుపాటి కుర్రాడు, ఎవరో తమ వస్తువు పట్టుకుపోతుంటే అడ్డుపడ్డట్టు, కోపంగా అన్నాడు. "మా మాస్టారమ్మాయేనండీ!"

"ఆయ్, మాస్టారు గారమ్మాయేనండి" అన్నారు పక్కవాళ్ళు.

హెడ్మాస్టరు గారు నా వైపు తిరిగారు. "అలాగాండీ?"

"ఆయ్. మా అమ్మాయేనండి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"మరి చెప్పొచ్చు కదండీ" అని ఆయన మామూలుగానే అనేసి వెళ్ళిపోయారు. మిగిలిన పీరియడులో ఎవరూ అరవలేదు. అరిస్తే బావుణ్ణని నేనే అనుకున్నాను. ఇన్నేళ్ళుగా నేను శత్రువులనుకున్న పిల్లలు నన్ను తమ మాస్టారని నోరారా చెప్పారు. నా బిడ్డని నాదని చెప్పడానికి నాకే నోరు రాలేదు.

సాయంత్రం ఇద్దరం గట్టు మీద నడిచి వస్తున్నాం. సన్నటి తుంపర. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక కాలువలో కొట్టుకుపోతున్న గుర్రపుడెక్క చూస్తున్నాను. చివరికి, "ఆ ప్రశ్న ఇవాళ ఎందుకడిగేవమ్మా?" అన్నాను.

"అందరూ ఎదురుచూస్తున్నారండీ. మీరు ఎప్పుడు చెప్తారా అని గోలీలు పందెం కాసుకున్నారు. ఎలాగా చెప్పాల్సిందే కదండీ, పరీక్షలో వస్తుంది కదా. అందుకని అడిగేసేను." కాస్త ఆగి, "మీకు కోపం వచ్చిందాండీ?" అంది.

"లేదమ్మా." ఇంకొంత దూరం నడిచాక అన్నాను. "ఇకనుంచి ఎవరడిగినా నాన్నగారి పేరే చెప్పు."

"ఆయ్."

"బళ్ళో కూడా నాన్నగారూ అని పిలువు. ఫరవాలేదు."

అది జడ కొస నోట్లో పెట్టుకుని నమిలింది. "వద్దులెండి" అంది. "సార్ అనే అలవాటైపోయిందండీ. బానే ఉంది." చెవి తమ్మె లాక్కోలేదు. నిజంగానే చెప్పింది.

ఇంటికి వెళ్ళాక వాళ్ళమ్మ అడిగింది. "ఈవేళ ఏం పాఠాలు చెప్పేరే?" "హిందీలో 'నేను' చెప్పేరమ్మా" అంది ఇది. "ఇప్పుడా!" అని ఆవిడ నా వైపు చూసి, ఏమనుకుందో ఏమో, ఆ రాత్రి అడక్కుండానే నాకిష్టమైన గోంగూర రొయ్యలు వండింది. నా కంచంలో ఆవిడ వడ్డించినంతా తినలేకపోయాను.

మేక మాస్టారు అన్న పేరు పోలేదు. ఇలాంటి పేర్లు పోవు. ఆ క్లాసు మాత్రం పది పాసై వెళ్ళిపోయేదాకా నా పీరియడులో కాస్త మెత్తగా ఉండేది, మా అమ్మాయి ముందు బెంచీలో ఉన్నందుకో, ఆ రోజు నా మొహం చూసినందుకో. అది పదో తరగతి దాకా నన్ను బళ్ళో 'సార్' అనే పిలిచింది. అప్పుడప్పుడు పొరపాటున ఇంట్లో కూడా "సార్, అన్నానికి రండి" అనేది. అని, నవ్వేసేది. మా ఆవిడా నవ్వేది. నేను కూడా నవ్వి లేచి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళేవాణ్ణి. కడిగిన కాళ్ళే మళ్ళీ కడుక్కుంటూ కాసేపు అక్కడే ఉండేవాణ్ణి.

ఇప్పుడు దానికి విశాఖపట్నంలో ఉద్యోగం, దాని పిల్లలు కాలేజీలు దాటేశారు. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు ధైర్యం చేసి, ఆ రోజు సంగతి ఎత్తాను. హెడ్మాస్టరు గారు గుమ్మంలోకి రావడం, నువ్వు నా వైపు చూడటం, అని. అది చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. పాపం నా కోసమే ప్రయత్నించింది. "ఆరో తరగతంటే నాకు బోరింగు నీళ్ళే గుర్తండీ నాన్నగారూ. తుప్పు వాసన వేసేవి. అయినా అవే తాగేవాళ్ళం" అంది. ఆ పైన ఇంకేమీ లేదు దాని దగ్గర. నేను చెప్పదలచుకున్న క్షమాపణ చెప్పడానికి ఎదురుగా మనిషి లేకుండా పోయింది. పిల్లలు ఆరు పాసై ఏడులోకి, ఏడు పాసై ఎనిమిదిలోకి వెళ్ళిపోతారు, వెనక్కి తిరిగి చూసే తీరిక వాళ్ళకుండదు. ఏ ఏటికా యేడు అదే ఆరో తరగతి గదిలో, అదే బోర్డు పక్కన ఉండిపోయేది మాస్టారొక్కడే.